శ్రీకాకుళం నుంచి వియత్నాంలోని హ్వే దాకా: పాలు, నెయ్యి లేకుండా, తక్కువ ఖర్చుతో, నిదానంగా తిరగడం ఎలా

"పాలు, పెరుగు కూడా ముట్టవు కదా, మరి ఫారిన్‌లో అన్ని రోజులు ఏం తిన్నావు? అంత డబ్బు ఎక్కడిది?" మా వీధి అరుగుల మీద నుంచి బంధువుల పెళ్లిళ్ల దాకా నన్ను అడిగేవి ఈ రెండు ప్రశ్నలే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే వరసగా రాసి పెడితే పని జరుగుతుందనిపించింది.

నేను వీగన్‌ని. వీగన్ అంటే మాంసం, చేప, గుడ్డుతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, తేనె కూడా మానేసినవాళ్లు. నిదానం అంటే ఒక ప్రయాణానికి ఒకటే ఊరు, వీలైతే మూడు వారాలు, లేదంటే పన్నెండు రోజులు.

విదేశంలో ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావాటిని జిల్లా దాటకముందే తేల్చుకోవచ్చు. అందుకే ఇక్కడ ఇంటి దగ్గర చేయాల్సిన పనే ఎక్కువ ఉంటుంది. దాన్ని దాటేసి నేరుగా వీసా దగ్గరికి వెళ్లకండి.

## 1. మొదట పది ఆదివారాలు మన జిల్లాలోనే

పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టిన రోజు నుంచే ఇది మొదలుపెట్టండి. ప్రతి ఆదివారం ఒక చోటికి వెళ్లాలి. నియమాలు ఇవి:

☐ బస్సు, ప్యాసింజర్ రైలు, సైకిల్, నడక మాత్రమే. కారు వద్దు.
☐ ఒక పూట తిండి ఇంటి నుంచి. రెండో పూట అక్కడ దొరికింది, అడిగి తెలుసుకుని తినాలి.
☐ ఒకే చోట కనీసం నాలుగు గంటలు ఉండాలి.
☐ టీ కప్పు దాకా ప్రతి రూపాయీ నోటుబుక్‌లో రాయాలి.
☐ కొత్తవాళ్లు ఒక్కరితోనైనా పది నిమిషాలు మాట్లాడాలి.

నాలుగు గంటల నియమం కష్టంగా ఉంటుంది. ఫొటోలు తీసుకోవడం అరగంటలో అయిపోతుంది, ఆ తర్వాత ఏం చేయాలో తోచదు. ఆ తోచకపోవడాన్ని ఓపిక పట్టడం అలవాటైతేనే పరాయి ఊళ్లో మూడు వారాలు హాయిగా గడుస్తాయి.

శ్రీకాకుళం నుంచి శాలిహుండం సుమారు 18 కి.మీ. పొద్దున్నే కొండెక్కితే కింద వంశధార, చుట్టూ స్తూపాల ఇటుకలు. అక్కడ కూర్చుని పులిహోర తిని, దిగి కళింగపట్నం వెళ్తే నది సముద్రంలో కలిసే చోట సాయంత్రం అవుతుంది. ఒక రోజుకు ఇది చాలు. మూడో చోటు కలపకండి.

చలికాలంలో టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లండి. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. నౌపడలో రైలు దిగి ఆటో పట్టుకోవచ్చు. అదే నౌపడ నుంచి పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే లైను ఉంది. ఏ పనీ లేకుండా ఆ రైలెక్కి వెళ్లి తిరిగి రావడం కూడా ఒక ఆదివారం పనే. విజయనగరం వాళ్లకు రామతీర్థం, తాటిపూడి ఉండనే ఉన్నాయి.

పొందూరు గురించి కొంచెం చెప్పాలి. సన్న ఖద్దరు కోసం వెళ్లాను. అక్కడ ఒక పెద్దావిడ దూదిని వేళ్ల మధ్య సాగదీస్తూ, చిన్న రంపం లాంటి దానితో దువ్వుతోంది. ఏమిటని అడిగితే చేతిలో పెట్టింది. వాలుగ చేప దవడ. సన్నటి పళ్లు ఒకే వరసలో ఉన్నాయి. పత్తి బట్ట అనగానే ఏ జీవితోనూ సంబంధం లేదని అంతవరకూ నమ్మాను. కొనాలా వద్దా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి. నేను ఆ రోజు కొనలేదు. పని చూపించినందుకు ఆవిడకు దండం పెట్టి, అరగంట కూర్చుని మాట్లాడి వచ్చాను. అడగకపోతే తెలిసేది కాదు. వంటింట్లోనూ ఇంతే.

## 2. దాక్కున్న పాలు, నెయ్యిని పసిగట్టడం

గ్లాసులో కనబడే పాలతో చిక్కు లేదు. కనబడకుండా కలిసేవే ఇబ్బంది పెడతాయి. మన దగ్గర ఎక్కువగా పొరపడేవి ఇవి:

☐ చోడి అంబలి: మజ్జిగ కలిపి ఉంచుతారు. కలపక ముందు అడగాలి.
☐ ఉప్మా, పొంగలి: నెయ్యి.
☐ పునుగులు: ఇడ్లీ పిండితో వేస్తే సరే. మైదాతో వేస్తే పుల్లపెరుగు కలిపి ఉండొచ్చు.
☐ ఉలవచారు: హోటల్లో పైన వెన్న వేసి ఇస్తారు.
☐ గుడి ప్రసాదం: చక్కెర పొంగలి, దద్దోజనం కుదరవు. పులిహోర చాలాసార్లు కుదురుతుంది, అయినా అడగండి.
☐ బిస్కెట్, బ్రెడ్డు: పాలపొడి.

ప్యాకెట్ మీద పచ్చ చుక్క చూసి ఊరుకోకండి. పాలున్నా పచ్చ చుక్కే వేస్తారు. వీగన్ ఆహారానికి ఆకుపచ్చ 'వి' అక్షరం ఉన్న ముద్ర విడిగా ఉంది. అది కనబడకపోతే వెనకున్న పదార్థాల జాబితా చదవడమే మార్గం.

అడిగే తీరు కూడా ముఖ్యం. "ఇది వీగనేనా?" అంటే టిఫిన్ బండి అక్క ఏం చెబుతుంది? "అక్కా, దీన్లో నెయ్యి గానీ పెరుగు గానీ పడిందా?" అని వస్తువు పేరు పెట్టి అడగండి. మా వీధి చివరి అక్కయితే "నెయ్యెక్కడిది బాబూ, ఈ రేటుకి?" అని నవ్వుతుంది. తక్కువ ధర తిండిలో నెయ్యి పడే అవకాశం తక్కువ. పొదుపుకూ వీగన్ తిండికీ అక్కడ పొత్తు కుదురుతుంది.

## 3. ఇంట్లో వాళ్లతో, పెరుగుతో

"ఏటి బాబూ, మజ్జిగ కూడా వద్దా? మరి అన్నం ఎలా దిగుద్ది?" మా పిన్ని ఇప్పటికీ అడుగుతుంది. వాదించి లాభం లేదు, పెరుగు తోడుపెట్టి చూపించాను. పలాస జీడిపప్పులో గుండు కంటే ముక్క చవక. ఈ పనికి ముక్కే చాలు.

1. వంద గ్రాముల ముక్కను నాలుగు గంటలు నానబెట్టండి.
2. రెండు కప్పుల నీళ్లు పోసి, చేతికి పలుకు తగలనంత మెత్తగా రుబ్బండి.
3. సన్న మంట మీద కలుపుతూ చిక్కబడేదాకా కాచి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి.
4. ఏడెనిమిది పచ్చిమిరప తొడిమలు వేసి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి.
5. పొద్దున తొడిమలు తీసేయండి. మొదటిసారి పల్చగా తోడుకుంటుంది. దాంట్లోంచి ఒక చెంచా తోడుగా వేస్తే రెండోసారి గట్టిగా వస్తుంది.

పెరుగు పుల్లగా రాకపోతే ఇంకో రెండు గంటలు ఆగండి. వాసన తేడాగా ఉంటే మాత్రం పారేయండి.

ఇంకో మాట. పాలు కూడా మానేశాక బి12 విటమిన్ మాత్ర వేసుకోవాలి. ఎంత మోతాదో డాక్టర్‌ను అడగండి. ప్రయాణానికి ముందే ఒకసారి రక్తపరీక్ష చేయించుకుంటే మంచిది.

## 4. దేశం ఎంచుకోవడం

మొదటిసారి దూరం వెళ్లకండి. దగ్గర్లో నాలుగు దేశాలు మనకు సరిపోతాయి.

నేపాల్. మనకు వీసా లేదు. పెద్దవాళ్లు ఓటరు కార్డుతో గానీ పాస్‌పోర్టుతో గానీ వెళ్లొచ్చు. ఆధార్‌ను నమ్ముకోకండి. హౌరా వెళ్లి, అక్కడ మిథిలా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సరిహద్దులో రక్సౌల్, దాటితే నేపాల్‌లోని బీర్‌గంజ్. మన ఒక రూపాయికి వాళ్లవి ఒక రూపాయి 60 పైసలు వస్తాయి. తిండి పప్పూ అన్నమే, పైన నెయ్యి పోయకుండా చూసుకోవాలి. "ఘిఉ నహాల్నుస్" అంటే నెయ్యి వేయకండి అని.

శ్రీలంక. కొబ్బరిపాల వంట, ఉద్దానం వాళ్లకు ఇల్లు వదిలినట్టే ఉండదు. పప్పు, కూరలు, ఇడియాప్పం ఎక్కడైనా దొరుకుతాయి. ఒకటే జాగ్రత్త, కొబ్బరి సంబోల్‌లో ఉంబలకడ అనే ఎండుచేప పొడి వేస్తారు. అడిగి తీసుకోండి.

థాయ్‌లాండ్. పసుపు జెండా మీద ఎర్రగా, మన 17 అంకెలా కనబడే అక్షరం ఉంటే అది 'జే' తిండి. అందులో మాంసం, పాలు, గుడ్డే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మన కార్తీకమాసం వంట గుర్తొస్తుంది. ఏటా తొమ్మిది రోజుల జే పండుగ వస్తుంది, చాలా ఏళ్లలో అది దసరాకు దగ్గర్లోనే పడుతుంది. జెండా లేని చోట నామ్ ప్లా (చేప సాస్), కపి (రొయ్యల ముద్ద) రెండూ వద్దని చెప్పాలి.

వియత్నాం. నా ఓటు దీనికే. అక్కడి బౌద్ధులు చాంద్రమాన నెలలో ఒకటో తేదీన, పున్నమి నాడు మాంసం మానేస్తారు. దాంతో 'చయ్' అనే శాకాహార వంట ఊరూరా ఉంది. అందులోనూ మధ్య వియత్నాంలోని హ్వే పట్నం గుళ్లకు, చయ్ తిండికి పేరుపడింది. ఇకపై చెప్పే ఉదాహరణలన్నీ హ్వేవే.

రోజులు ఎంచుకునేటప్పుడు రెండు చూడండి. హ్వేలో అక్టోబరు, నవంబరు మన దగ్గరలాగే తుపాన్లు, వరదల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. జనవరి చివర, ఫిబ్రవరిలో వచ్చే వాళ్ల కొత్త సంవత్సరం 'తెత్' మన సంక్రాంతి లాంటిది. రైళ్లు నిండిపోతాయి, దుకాణాలు మూసేస్తారు. తెత్ అయ్యాక, మార్చి నెల చూసుకోండి.

## 5. కాగితాలు, ముఖ్యంగా పేరు

పాస్‌పోర్టు మామూలుగా తీసుకుంటే 36 పేజీలకు ఫీజు 1,500 రూపాయలు. ఆరు నెలల ముందే పెట్టుకుంటే తత్కాల్‌కు అదనంగా కట్టక్కర్లేదు.

మన తెలుగువాళ్లకు అసలు చిక్కు ఇంటిపేరుతో. టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, బ్యాంకులో వెనకా ముందూ. నా మొదటి టికెట్‌లో ఇంటిపేరు బదులు ఇనీషియల్ కొట్టాను. వారం రోజులు టెన్షన్ పడి, మార్పు ఫీజు కట్టి సరిచేయించుకోవాల్సి వచ్చింది. ఆ డబ్బుతో అక్కడ నాలుగు రోజులు తినొచ్చు.

చేయాల్సింది ఇది: పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో ఉండే రెండు వరసలు చూడండి. వీసా, విమానం, బీమా, అన్నింటిలో పేరు అక్కడున్నట్టే కొట్టాలి.

వియత్నాం ఈ-వీసా ఒక ప్రవేశానికి 25 డాలర్లు, గరిష్ఠంగా 90 రోజులు. ప్రభుత్వ సైటు చిరునామా 'జీఓవీ డాట్ వీఎన్'తో ముగుస్తుంది. అదే పోలికతో ఎక్కువ డబ్బు గుంజే సైట్లు చాలా ఉన్నాయి, చివరి అక్షరాలు చూసుకోండి. దిగబోయే విమానాశ్రయం పేరు ఫారంలో అడుగుతారు, టికెట్‌లో ఉన్నదే రాయాలి.

☐ పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలైనా ఉండాలి
☐ ఈ-వీసా రెండు ప్రింట్లు
☐ తిరుగు టికెట్, మొదటి మూడు రాత్రుల బస రసీదు
☐ ప్రయాణ బీమా
☐ అన్నిటి నకళ్లు ఇంట్లో ఒకరి దగ్గర

## 6. డబ్బు: ఎక్కువ రోజులుంటేనే చవక ఎందుకు?

ఖర్చు రెండు రకాలు. ఎన్ని రోజులున్నా మారనిది ఒకటి: హౌరా రైలు, విమానం, వీసా, బీమా, అక్కడి రానుపోను రైలు. రోజురోజుకూ పెరిగేది రెండోది: గది, తిండి, సైకిల్.

మారని ఖర్చు 36,000 అయిందనుకుందాం. ఆరు రోజులుంటే రోజుకు 6,000 ఆ లెక్కలోనే పోతుంది. ఇరవై నాలుగు రోజులుంటే రోజుకు 1,500. ఒకటే ఊళ్లో ఉంటే రెండో రకం ఖర్చు కూడా తగ్గుతుంది. గదికి వారం రేటు మాట్లాడుకోవచ్చు, చవక దుకాణాలు తెలుస్తాయి, ఊరు మారే బస్సు ఖర్చు ఉండదు.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రాత్రి రైలెక్కితే మర్నాటికి హౌరా. కోల్‌కతా నుంచి హనోయికి విమానం, హనోయి నుంచి హ్వేకు మళ్లీ రాత్రి రైలు. విశాఖ, చెన్నై నుంచి కూడా ధరలు చూసి పోల్చండి. పోల్చేటప్పుడు అక్కడికి చేరే ఖర్చు కూడా కలపండి.

నోటుబుక్ ఇక్కడ పనికొస్తుంది. పది ఆదివారాల సగటు ఖర్చు చూడండి. ఇంటి దగ్గర రోజుకు 300తో ఆగలేని చేయి అక్కడ 500తో ఆగదు.

చాలా కార్డుల మీద విదేశీ ఖర్చుకు 3.5 శాతం దాకా అదనంగా పట్టుకుంటారు. ముందే బ్యాంకులో అడిగి, ఆ వడ్డింపు లేని కార్డు తీసుకోండి. చిన్న దుకాణాల్లో నగదే నడుస్తుంది. వియత్నాం డబ్బు డాంగ్, రూపాయికి సుమారు 300 డాంగ్‌లు. 20 వేల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలంగానే ఉంటాయి, పర్సులో వేరే అరల్లో పెట్టండి.

## 7. సంచి, దారి తిండి

సంచి ఏడు కిలోలు దాటకూడదు. బట్టలు మూడు జతలు. తిండికి మాత్రం చోటు వదలండి.

☐ పప్పుల పొడి, కరివేపాకు పొడి, నూగుల పొడి: గట్టిగా మూసిన ప్యాకెట్లలో
☐ అటుకులు అర కిలో, వేరుశనగ అచ్చులు
☐ చింతపండు చిన్న ముద్ద
☐ మూతున్న స్టీలు గిన్నె, చెంచా
☐ చిన్న ఎలక్ట్రిక్ కెటిల్
☐ బి12, మామూలు మందులు, చీటీతో సహా

రైలుకు నిమ్మకాయ పులిహోర చాలు. నీళ్లు తగలకుండా, నూనె కొంచెం ఎక్కువ వేసి కలిపితే మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంటుంది.

తీసుకెళ్లకూడనివి: మన వైపు నుంచి చాలామంది సంచిలో ఎండు కొబ్బరి పెట్టుకుంటారు. కురిడీలో నూనె ఎక్కువ, నిప్పు అంటుకునే వస్తువుగా లెక్కేసి విమానాల్లో ఆపేస్తారు. గసగసాలు కలిసిన మసాలా వద్దు. సింగపూర్, దుబాయ్ లాంటి చోట్ల అవి నిషిద్ధం, మధ్యలో అక్కడ విమానం మారినా ఇబ్బందే. పచ్చడి సీసా చేతిసంచిలో పెడితే తీయించేస్తారు. పవర్ బ్యాంక్ మాత్రం చేతిసంచిలోనే ఉండాలి.

విమానంలో భోజనం ఉంటే ముందే నమోదు చేయండి. 'ఏవీఎంఎల్' అంటే మన శాకాహారం, పెరుగు, పనీర్ వస్తాయి. మనకు కావాల్సింది 'వీజీఎంఎల్'.

## 8. మొదటి మూడు రోజులు

గది మూడు రాత్రులకే బుక్ చేయండి. మిగతాది ఊరు చూశాక.

మొదటి రోజు నిద్ర, సిమ్ కార్డు, దగ్గర్లోని ఒక్క చయ్ దుకాణం. రెండో రోజు బజారు. హ్వేలో దోంగ్ బా బజారు ఉంది. వెళ్లగానే కొనకండి, ఒక చుట్టు తిరిగి ధరలు వినండి. నీళ్లలో పెరిగే తూటికూర కట్టలు, అరటిపువ్వు, లేత పనస, అన్నీ మనవే. లేత పనసకాయ చూసి నాకు పనసపొట్టు కూర గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను.

మూడో రోజు నాలుగైదు ఇళ్లు, హోటళ్లు నడిచి చూసి, మిగిలిన రోజులకు ఒకే మొత్తం రేటు అడగండి. అడగాల్సినవి: వంటకు చోటుందా, ఫ్రిజ్ ఉందా, సైకిల్ ఇస్తారా, రాత్రి చప్పుడు ఎలా ఉంటుంది.

## 9. తిండి అడగడం

బోర్డు మీద సి, హెచ్, ఏ, వై అనే నాలుగు అక్షరాలు చూడండి. అదే చయ్. పలికితే మన 'చాయ్'కి దగ్గరగా ఉంటుంది కాబట్టి టీ దుకాణం అనుకోకండి.

మొదటి సాయంత్రం నేను చేసిన తప్పు చెబుతాను. ఆకలి మీద, చయ్ బోర్డు లేని చోట కూర్చుని "మాంసం వద్దు" అన్నాను. టోఫు ముక్కలు, ఆకులు వేసిన వేడి నూడుల్స్ తెచ్చారు. చూడ్డానికి బాగుంది. గిన్నె ముఖం దగ్గరికి తెచ్చేసరికి భావనపాడు వైపు గాలి తిరిగినప్పుడు వచ్చే ఎండుచేపల వాసన. చేప సాస్ వాళ్లకు ఉప్పు లాంటిది. మాంసం వద్దంటే మాంసమే తీసేస్తారు, పులుసు మార్చరు. తప్పు నాదే. గిన్నెలో కనబడే ముక్క గురించి అడిగాను కానీ, అడుగున ఉన్న పులుసు గురించి అడగలేదు.

అప్పటినుంచి వరస ఇది: ముందు పులుసు, తర్వాత సాస్, తర్వాత గుడ్డు, చివర పాలు.

గుర్తుంచుకోవాల్సిన మాటలు:

☐ తోయ్ అన్ చయ్: నేను చయ్ తింటాను
☐ థువన్ చయ్: పాలు, గుడ్డు కూడా లేని చయ్
☐ ఖోంగ్: వద్దు, లేదు
☐ నుఓక్ మమ్: చేప సాస్
☐ ట్రుంగ్: గుడ్డు
☐ సువా: పాలు
☐ కా ఫే దెన్: పాలు లేని కాఫీ

మన ఉచ్చారణ వాళ్లకు అర్థం కాదు, వాళ్ల భాషలో స్వరం మారితే మాటే మారిపోతుంది. అందుకని బస ఇచ్చినవాళ్లతో ఇవన్నీ ఒక అట్ట మీద వాళ్ల లిపిలో రాయించుకోండి. ఫోన్ అనువాదం కంటే చేతిరాత అట్టకు మర్యాద ఎక్కువ, చదివి నవ్వి తల ఊపుతారు. చాంద్రమాన నెలలో ఒకటో తేదీ, పున్నమి మీ రోజుల్లో ఎప్పుడు పడతాయో ముందే చూసుకోండి. ఆ రెండు రోజులూ బజారులో చయ్ బళ్లు ఎక్కువ కనబడతాయి.

## 10. మూడు వారాల దినచర్య

కొత్త ఊళ్లో ఏ రోజుకారోజు ఆలోచిస్తే అలసట, ఖర్చు రెండూ పెరుగుతాయి. ఒక క్రమం పెట్టుకోండి.

పొద్దున ఒకే చోట టిఫిన్. నా గది సందు చివర ఒకావిడ బుట్టలో 'సోయ్' అమ్మేది, వేరుశనగ వేసి ఆవిరి మీద ఉడికించిన జిగురు బియ్యం. అరటాకు ముక్కలో పెట్టి, పైన నువ్వులు, ఉప్పు, పంచదార కలిపిన పొడి చల్లేది. నాలుగో రోజున అట్ట చూపించక్కర్లేకపోయింది. వారం దాటాక నేను కనబడగానే ఆకు చింపేది. ఒకే ఊళ్లో ఉండిపోతే దొరికేది ఇదే.

తర్వాత ఎండ ముదరకముందు సైకిల్ మీద ఒక్కచోటికి. నది వెంట తుయ్ బియెవ్ వైపు వెళ్తే పంపరపనస తోటలు. ఇంకో వైపు తాన్ తోవాన్ పెంకుటి కప్పు వంతెన. మధ్యాహ్నం చయ్ దుకాణంలో అన్నం, మూడు కూరలు. నిద్ర. సాయంత్రం నది గట్టు. రాత్రి గదిలో అటుకులు, పప్పుల పొడి, పండ్లు.

వారానికి ఒక రోజు ఎక్కడికీ వెళ్లకండి. బట్టలు ఉతుక్కోండి, ఇంటికి ఫోన్ చేయండి, లెక్క చూసుకోండి.

## 11. ఎక్కువగా జరిగే తప్పులు, సవరణలు

రెండో వారంలో విసుగు. ఊరు మార్చాలనిపిస్తుంది. మార్చకండి. ఒక పూట రైల్లో దానాంగ్ వెళ్లి రండి, సముద్రం పక్కన కనుమ ఎక్కుతూ వెళ్తుంది. సాయంత్రానికి అదే గదికి చేరండి.

ప్రతి పూటా పేరున్న వీగన్ హోటల్. విదేశీయుల కోసం పెట్టిన చోట ధర రెండు మూడింతలు. వారానికి ఒకసారి చాలు.

తెలియక తినేశారు. గొడవ వద్దు, కుంగిపోనూ వద్దు. ఏ పదం అడగలేదో అట్ట మీద చేర్చండి.

ఎవరింట్లోనో పాలు పోసి ఇచ్చారు. ముందు నమస్కారం, తర్వాత "ఆరోగ్యానికి" అని అబద్ధం చెప్పకుండా "నేను తీసుకోనండీ, మంచినీళ్లు ఇవ్వండి" అనండి. నీళ్లు తాగితే ఏ ఇంట్లోనూ నొచ్చుకోరు. మా పల్లెల్లో ఇంతే, హ్వేలోనూ ఇంతే.

కడుపు చెడింది. ఒక రోజు గంజి, కొబ్బరి నీళ్లు, ఓఆర్‌ఎస్. జ్వరమొస్తే, రెండో రోజుకూ తగ్గకపోతే ఆసుపత్రికి. బీమా కాగితం వెంట తీసుకెళ్లండి.

డబ్బు సగం రోజులకే సగం దాటింది. గది రేటు కాదు, కాఫీలు, ట్యాక్సీలు చూడండి. దాదాపు ఎప్పుడూ అక్కడే పోయి ఉంటుంది.

## 12. బయలుదేరే ముందు రాత్రి

☐ టికెట్, వీసా, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం సరిచూశారా
☐ వీజీఎంఎల్ నమోదైందా
☐ సంచిలో కురిడీ గానీ గసగసాలు గానీ లేవు కదా, అమ్మ సర్దిన ప్యాకెట్లు కూడా విప్పి చూశారా
☐ మూడు రాత్రుల బస చిరునామా కాగితం మీద ఉందా
☐ కార్డు విదేశాల్లో పనిచేసేలా బ్యాంకు యాప్‌లో ఆన్ చేశారా
☐ ఆమదాలవలస స్టేషన్‌కు ఆటో మాట్లాడారా. శ్రీకాకుళం రోడ్డు అని పేరున్నా స్టేషన్ ఊళ్లో లేదు, గంట ముందే కదలండి
☐ పులిహోరకు అన్నం ఆరబెట్టారా